జరీకి అమ్మేసే ముందు ఆ చీర ఒకసారి తిరగేసి చూడండి

వెండి రేటు పెరిగిన దగ్గర్నుంచి మా కాలనీలో పాత పట్టుచీరలు కొనేవాళ్ళు ఎక్కువైపోయారు. ఇదివరకు ఎప్పుడో ఒకసారి భుజాన మూట వేసుకుని ఎవరో ఒకాయన వచ్చేవాడు, ఇప్పుడైతే ఆటోకి మైక్ కట్టుకుని, చిరిగినా పర్లేదు మాసినా పర్లేదు జరీ ఉంటే చాలు అని రికార్డు వేసుకుంటూ తిరుగుతున్నారు, వాట్సాప్‌లో ఫోటో పంపితే రేటు చెప్పేవాళ్ళు కూడా తయారయ్యారు. కిలో వెండి లక్ష దాటేసరికి అందరి చూపూ బీరువాల మీద పడింది. మా పిన్ని కూడా రెండు చీరలు తీసి పక్కన పెట్టింది, "కట్టేవాళ్ళు ఎవరున్నారే, అడుగున పడి మడతల దగ్గర చీలిపోతున్నాయి, వచ్చినకాడికి వస్తాయి కదా" అని. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు. అయినా నేను అడ్డం పడ్డాను. ఎందుకు వద్దంటున్నానో ఫోన్లో ముక్క ముక్కలుగా చెప్తే ఆవిడకి ఎక్కలేదు, అందుకే ఇక్కడ కూర్చుని మొత్తం రాస్తున్నా, లింక్ పంపిస్తా, తీరిగ్గా చదువుకుంటుంది.

ముందు కొనేవాళ్ళ లెక్క చూద్దాం, అది చాలా సింపుల్. కొంగు పట్టుకుని గోరుతో జరీ గీకుతాడు, లోపల ఎర్రదారం కనిపించిందా అసలు జరీయే అన్న నమ్మకం వస్తుంది, కనిపించలేదా మొహం అదోలా పెడతాడు. చేతిలో బరువు చూస్తాడు, ఒక రేటు అంటాడు, మనం ఇంకో ఐదొందలు అంటాం, అయిపోయింది. ఆ తర్వాత చీర ఏమవుతుందో మనం చూడం. అంచూ కొంగూ కోసి కాల్చేస్తారు, పట్టు బూడిదైపోతుంది, మిగిలిన లోహాన్ని కరిగించి వెండి తీస్తారు. మిగతా గుడ్డకి వాళ్ళ లెక్కలో విలువే లేదు.

జరీ ఎలా తయారవుతుందో తెలిస్తే ఈ లెక్క ఇంకా బాగా అర్థమవుతుంది. రాగి కలిసిన వెండి తీగని వెంట్రుక కన్నా సన్నగా లాగుతారు, దాన్ని రోలర్ల మధ్య నొక్కి చదును చేస్తారు, ఆ చదును తీగని ఎర్ర రంగు వేసిన పట్టుదారం చుట్టూ చుట్టుకుంటూ పోతారు, ఆ పైన బంగారు పూత. ఈ పనికి పెద్ద ఊరు సూరత్. తమిళనాడు ప్రభుత్వం 1971లో కంచిలోనే ఒక జరీ కంపెనీ కూడా పెట్టింది, నేతగాళ్ళు సూరత్ వ్యాపారుల మీదే ఆధారపడకుండా. కంచిలో జరీని "మార్కు" లెక్కన కొంటారు, ఒక మార్కు అంటే దాదాపు 240 గ్రాములు. మంచి పెళ్ళిచీరకి ఒక మార్కు జరీ పడిందనుకుందాం. అందులో వెండి సుమారు సగం వేసుకోండి (పాతకాలం జరీలో ఇంకాస్త ఎక్కువే ఉండేది), బంగారం ఒక్క శాతం కూడా ఉండదు, మిగతాది రాగీ, లోపలి పట్టుదారమూ. అంటే 120 గ్రాముల వెండి. కిలో లక్ష ఉన్నప్పటి లెక్కన 12 వేలు. దాంట్లో వాడి లాభం, కరిగించే ఖర్చు తీసేస్తే మన చేతికి ఎంత వస్తుందో మీరే వేసుకోండి.

ఈ మాత్రం దానికి పోయేదేంటి అంటే, నేత.

మా అమ్మమ్మ వాళ్ళది పుత్తూరు దగ్గర. ఆ వైపు వాళ్ళకి పెళ్ళి కుదిరిందంటే హైదరాబాదూ లేదు, మద్రాసూ లేదు, పొద్దున్నే బస్సెక్కి తిరుత్తణి మీదుగా కంచి పోవడమే. కామాక్షమ్మ దర్శనం, చీరల బేరం, ఎండ తగ్గాక తిరుగు ప్రయాణం. కంచిలో నేసేవాళ్ళలో తెలుగు మాట్లాడే దేవాంగులు, సాలెవాళ్ళు చాలామంది ఉన్నారు, విజయనగర రాజుల కాలంలో మన వైపు నుంచి వెళ్ళిన కుటుంబాలని చెప్పుకుంటారు. పిళ్ళైయార్‌పాళయం వీధుల్లోకి వెళ్తే ఇప్పటికీ ఇళ్ళలోంచి మగ్గం చప్పుడు వినిపిస్తుంది, లోపల ముసలాళ్ళు మాట్లాడేది తమిళం కలిసిన తెలుగు, మనకి ఒక నిమిషం పడుతుంది చెవి అలవాటవడానికి. నేను చెప్పబోయేది చాలావరకు అలాంటి ఒక ఇంట్లో గుంటమగ్గం పక్కన పీట వేసుకుని కూర్చుని చూసిందే.

కంచి చీరలో అసలు సంగతి అంచుకీ చీరకీ మధ్య ఉన్న ఆ అతుకులో ఉంది. కోర్వై అంటారు. మామూలుగా ఒకే నాడె (అడ్డంగా పోయే దారాన్ని, అంటే పేకని, మోసేది) ఈ చివర నుంచి ఆ చివరకి పోతుంది కదా, అప్పుడు బాడీ పేక అంచులోకి కూడా వెళ్తుంది, ఆకుపచ్చ చీరకి ఎర్ర అంచు పెడితే ఆ ఎరుపులో పచ్చ కలిసి కాస్త మసకగా, అదో రకం డబుల్ షేడ్‌లో వస్తుంది. కోర్వైలో అలా కాదు. మూడు నాడెలు ఉంటాయి, మధ్యలో బాడీకి ఒకటి, రెండు అంచులకీ చెరొకటి. ప్రతి వరసకీ బాడీ దారం అంచు దాకా వచ్చి, అక్కడ అంచు దారాన్ని తగులుకుని వెనక్కి తిరుగుతుంది, రెండు చేతుల వేళ్ళు ఒకదాంట్లో ఒకటి ముడేసుకున్నట్టు. వరస వరసకీ ఇదే. అందుకే ఎరుపు ఎరుపుగానే ఉంటుంది, పచ్చ పచ్చగానే ఉంటుంది, ఆ గీత దగ్గర ఠక్కున మారిపోతుంది. గుడి గోపురాల్లాగా పళ్ళు పళ్ళుగా బాడీలోకి పొడుచుకొచ్చే ఆ టెంపుల్ అంచు కూడా ఈ పద్ధతిలో వచ్చేదే.

దీనికి ఒక్క మనిషి చాలడు. ఒక పక్క నేసే ఆయన కూర్చుంటే ఇంకో పక్క అంచు నాడె అందించడానికి ఇంకొకరు కావాలి. పూర్వం ఇంట్లో పిల్లలే కూర్చునేవాళ్ళు, పని అలాగే నేర్చుకునేవాళ్ళు, ఇప్పుడు ఆ పిల్లలు స్కూలుకీ కాలేజీకీ పోతున్నారు, పోవాలి కూడా, దాని మీద నాకు ఏ బాధా లేదు. కానీ రెండో మనిషికి కూలి ఇవ్వాలంటే చీర ధర పెరుగుతుంది, షాపువాడు అంత పెట్టడు, అందుకని కోర్వై మానేసి ఒకే నాడెతో నేసేవి పెరిగిపోయాయి. షాపులో "కాంట్రాస్ట్ బార్డర్ కంచి" అని చూపించే వాటిల్లో ఎన్ని నిజంగా కోర్వై అనేది వెనక్కి తిరగేస్తే తప్ప తెలీదు. తిరగేస్తే అంచు కలిసే చోట దారాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న గీత కనిపిస్తుంది, వేలితో తడిమితే తెలుస్తుంది కూడా.

మన గద్వాల్ చీరలో కూడా ఇదే సూత్రం, కుపడం అంటారు వాళ్ళు. నూలు బాడీకి పట్టు అంచు, మూడు నాడెలు. నిజానికి అది ఇంకా కష్టం, ఎందుకంటే నూలు ఒకలా లాగుతుంది, పట్టు ఒకలా లాగుతుంది, రెండిటినీ ఒకే బిగువులో పట్టుకోవాలి. గద్వాల్ గురించి వేరే పోస్టు రాయాలి, ఇక్కడ మొదలుపెడితే ఆగను.

ఇక కొంగు. దాన్ని చీరకి కలపడాన్ని పేట్ని అంటారు. చీర ఒక రంగు, కొంగు పూర్తిగా వేరే రంగు కావాలంటే పేక ఒక్కటే మారిస్తే కుదరదు, పడుగు కూడా మారాలి. పడుగు అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసి ఉన్న వేల పోగులు. కొంగు రంగు పోగులు తెచ్చి, పాత పోగులకి పోగుకి పోగు తగిలించుకుంటూ పోతారు, రెండిటినీ కలిపి కాస్త దూరం నేస్తారు, తర్వాత పాత పోగులు కోసేస్తారు. ఆ ఇంటి పెద్దాయన ఒక మాట అన్నాడు, "పేట్ని రోజున ఇంక ఏ పనీ పెట్టుకోంమా, పెళ్ళికి పిలిచినా పోం" అని. నవ్వుతూనే అన్నాడు గానీ ఆయన కళ్ళద్దాలు చూస్తే నాకు నవ్వు రాలేదు. మీ ఇంట్లో పాత కంచి చీర ఉంటే కొంగు మొదలయ్యే చోట వేలు పెట్టి చూడండి, కాస్త ఉబ్బెత్తుగా ఒక గీత తగులుతుంది, చాలా చీరల్లో వెనక వైపు చిన్న కుచ్చులాగా దారాలు కూడా ఉంటాయి. చిన్నప్పుడు నేను దాన్ని ఏదో డిఫెక్ట్ అనుకుని లాగేదాన్ని.

ఇదంతా ఒక ఎత్తు, బ్రొకేడ్ పని ఇంకో ఎత్తు. కొంగు మీద ఏనుగులు, హంసలు, రెండు తలల గండభేరుండాలు, మామిడి పిందెలు కనిపిస్తాయి కదా, అవి అద్దకమూ కాదు ఎంబ్రాయిడరీ కూడా కాదు, నేస్తున్నప్పుడే మామూలు పేకతో పాటు జరీని అదనపు పేకగా లోపలికి పంపి తెప్పించినవి. ఏ వరసలో ఏ పోగులు పైకి లేవాలి అన్నది ఒక క్రమం. జాకార్డ్ (ఏ పోగులు లేవాలో అట్టల చిల్లులతో చెప్పే, మగ్గం పైన బిగించే యంత్రం) రాకముందు ఆ క్రమాన్నంతా దారాలతోనే కట్టి పెట్టుకునేవాళ్ళు, అడై అనేవాళ్ళు దాన్ని, పక్కన ఒక మనిషి నిలబడి వరస వరసకీ ఆ దారాలు లాగాలి. జాకార్డ్ వచ్చాక ఆ పని అట్టలకి పోయింది. డిజైన్‌ని ముందు గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ గీస్తారు, దాన్ని చూసి అట్టలకి చిల్లులు కొడతారు, ఒక్కో అట్ట ఒక్కో వరస. చిల్లు ఉన్న చోట హుక్కు ఒకలా, లేని చోట ఒకలా కదులుతుంది, దాన్ని బట్టి పోగు లేస్తుంది. అట్టలన్నీ వరసగా కుట్టి మగ్గం పైన వేలాడదీస్తారు. కాలితో తొక్కినప్పుడల్లా ఒక అట్ట తిరుగుతుంది.

అసలు నేను చెప్పాలనుకున్నది ఈ అట్టల దగ్గర ఉంది. ఒక డిజైన్ ఫ్యాషన్ పోయిందనుకోండి, ఆ అట్టల కట్ట అటక మీదకి పోతుంది. ఎలుకలు కొడతాయి, వానకి తడుస్తాయి, ఇల్లు మారినప్పుడు పాత పేపర్లతో పాటు తూకానికి పోతాయి. గ్రాఫ్ కాగితం ఎవరు దాస్తారు? అడై కట్టిన రోజుల డిజైన్లకైతే అట్టలు కూడా లేవు. ఇంక ఆ డిజైన్ ఎక్కడుంటుంది అంటే ఎవరి బీరువాలోనో ఉన్న చీరలో మాత్రమే ఉంటుంది. చీర చేతిలో ఉంటే డిజైన్ తెలిసినవాళ్ళు భూతద్దం పెట్టి పోగులు లెక్కపెట్టుకుని మళ్ళీ గ్రాఫ్ గీయగలరు. అది కాలిపోయిందా, ఆ హంస ఇంక లేదు.

ఇది నా ఊహ కాదు, కంచి చీర ఒకసారి ఇలాగే తేరుకుంది. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ 1936లో మద్రాసులో కళాక్షేత్ర అనే నాట్య సంస్థ పెట్టాక, నాట్యం పక్కనే ఒక నేత కేంద్రం కూడా పెట్టి, పాత చీరల అంచులు, బుటాలు (చీర మీద నేసిన చిన్న బొమ్మలు) చూసి మళ్ళీ నేయించింది. ఇప్పుడు మనం "ట్రెడిషనల్ కంచి" అని మురిసిపోయే వెడల్పాటి అంచు, ఎదురు రంగులు, అలా తిరిగొచ్చినవి చాలా ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1956లో చేనేత కోసం పనిచేసిన పుపుల్ జయకర్ ఆధ్వర్యంలో, నేతగాళ్ళకి సాయం చేసే ప్రభుత్వ కేంద్రాలైన వీవర్స్ సర్వీస్ సెంటర్లు మొదలయ్యాయి, మన హైదరాబాద్, విజయవాడల్లో కూడా ఉన్నాయి, వాళ్ళ పనిలో కూడా పాత గుడ్డల నమూనాలు చూసి కొత్తగా నేయించడం పెద్ద భాగం. వాళ్ళ ముందు పాత చీర అంటూ ఒకటి ఉండబట్టే కదా అదంతా జరిగింది.

రంగుల సంగతీ అంతే. లక్కలా ఉండే ఆ ముదురెరుపు, అరక్కు అంటారు తమిళంలో, పాత చీరల్లో ఒక లోతుగా ఉంటుంది. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి పేరు మీద "ఎమ్మెస్ బ్లూ" అని ఒక నీలం ఉంది, ఆవిడ కోసం కంచిలోనే ఒక నేతగాడు అద్దించిన రంగు. పొద్దున్నే సుప్రభాతం ఆవిడ గొంతులో విని పెరిగినవాళ్ళం కదా, ఆ నీలం చీర కావాలని మా ఇంట్లో అడగని ఆడవాళ్ళు లేరు. ఇప్పుడు ప్రతి షాపులోనూ ఎమ్మెస్ బ్లూ అని ఒకటి చూపిస్తారు, ఏ రెండూ ఒకలా ఉండవు.

ఇక్కడ ఒక మాట, కొత్త డిజైన్లంటే నాకు పడదని కాదు. కానీ కొంగు మీద పెళ్ళికొడుకు పెళ్ళికూతురు ఫోటో నేయించుకోవడం మాత్రం నాకు ఎక్కలేదు, రిసెప్షన్‌లో వెనక నుంచి చూస్తే ఎవరి మొహమో నడిచిపోతున్నట్టు ఉంటుంది. ఎవరి ఇష్టం వాళ్ళది లేండి.

సరే, పిన్ని చీరలు. ఒకటి మామిడిపండు రంగు, కుంకుమ రంగు అంచు, వీడియో కాల్‌లో వెనక్కి తిప్పించి చూశాను. అంచు రంగులో పసుపు కలిసిపోయి ఉంది, కలిసే చోట గీత లేదు, అంటే ఒకే నాడె. జరీ గీకితే లోపల రాగి రంగు తీగ కనిపించింది, హాఫ్‌ఫైన్ అంటారు చూడండి, రాగి తీగ మీద వెండి పూత. దాన్ని ఏం చేసుకున్నా నాకు అభ్యంతరం లేదన్నా, అసలు జరీ కాదు కాబట్టి ఆటోవాడే పెద్దగా ఇవ్వడు. రెండోది చిలకపచ్చ మీద వంకాయరంగు అంచు, అమ్మమ్మది. కోర్వై ఉంది, పేట్ని ఉంది, కొంగులో నెమలి కన్ను వరసల మధ్య రుద్రాక్ష వరస, ఎర్రదారం జరీ. మడతల దగ్గర రెండు మూడు చోట్ల చీలింది, అంతే. అది మాత్రం ఇవ్వొద్దు అన్నాను. "అయితే నువ్వే తీసుకుపో" అంది, ఇప్పుడు నా దగ్గరే ఉంది. మా అక్క అప్పుడే అడగడం మొదలెట్టింది, అది వేరే యుద్ధం.

చిరిగిన చీరని ఏం చేస్తాం అని అడిగేవాళ్ళకి, చాలా చేయొచ్చు. హైదరాబాద్ పాతబస్తీలో రఫూ చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు, చిన్న చీలిక అయితే అదే రంగు దారంతో అల్లేస్తారు, దగ్గరగా చూస్తే తప్ప తెలీదు. బాడీ మొత్తం పోయి అంచు, కొంగు బాగుంటే వాటిని విప్పి కొత్త పట్టు గుడ్డకి వేయించుకోవచ్చు, కోర్వై పోతుంది గానీ బ్రొకేడ్ మిగులుతుంది. లంగా కుట్టించడం మన ఇళ్ళలో ఎప్పట్నుంచో ఉన్నదే, నాకు ఓకే, కనీసం ఒక పిల్ల కట్టుకుని తిరుగుతుంది. సోఫా దిండ్లకి కవర్లు కుట్టిస్తే మాత్రం నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఇవేవీ కుదరక, ముట్టుకుంటే పొడి రాలిపోయే స్థితిలో ఉంటే అమ్మేయండి, అవసరానికి డబ్బు కావలసి వచ్చినా అమ్మేయండి, అందులో తప్పు పట్టడానికి నేనెవర్ని. మన పెద్దవాళ్ళు జరీచీర కొన్నది సగం అందుకే కదా, ఆపదకి పనికొస్తుందని.

దాచేవాళ్ళకి మాత్రం, ప్లాస్టిక్ కవర్లోంచి ముందు బయటికి తీసేయండి, తేమ లోపలే ఉండిపోయి జరీ నల్లబడుతుంది. పాత నూలు పంచెలో చుట్టి పెట్టండి. కలరా ఉండలు చీర మడతల్లో వేయకండి, జరీకి తగలకూడదు, వేయాలంటే గుడ్డలో మూటకట్టి ఒక మూలకి. సెంటు కొట్టుకోవడం అయ్యాకే చీర కట్టుకోండి. రెండు మూడు నెలలకోసారి తీసి నీడలో ఆరబెట్టి మడత మార్చండి, ఎప్పుడూ అదే మడత మీద ఉంటే అక్కడే విరుగుతుంది, పిన్ని చీర చీలింది కూడా సరిగ్గా అక్కడే.

ఒకవేళ అమ్మాలనే నిర్ణయించుకుంటే, ఇచ్చే ముందు ఫోటోలు తీయండి ప్లీజ్. మనిషి కట్టుకున్న ఫోటో కాదు, చీరది. మంచం మీద పరిచి కొంగు మొత్తం ఒకటి, అంచు కలిసే చోట ముందూ వెనకా దగ్గర నుంచి, ఒక్కో బుటా పక్కన పిల్లల స్కేలు పెట్టి ఒక్కోటి. ఫ్లాష్ వేయకండి, జరీ అంతా తెల్లగా మెరిసి డిజైన్ కనిపించదు, పొద్దున పది లోపు కిటికీ పక్కన తీస్తే బాగా వస్తాయి. ఎవరి చీర, ఏ ఊళ్ళో కొన్నారు, ఎవరి పెళ్ళికి, తెలిసినంత వరకు ఆ ఫోటో కిందే రాసి పెట్టండి, అమ్మని అడిగితే చెప్తుంది, ఇప్పుడే అడగండి.